తూకానికి పోయిన కంప్యూటర్ పుస్తకాలు

కొత్త మిక్సీ ఇంటికొచ్చిన రోజు గుర్తు చేసుకోండి. డబ్బా విప్పి జార్లు బయటికి తీస్తాం. గ్యారంటీ కార్డు బీరువాలో దాస్తాం. మరి దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని? చాలా ఇళ్ళల్లో అది పచ్చళ్ళ జాడీ కింద పరిచే కాగితమైపోతుంది. రెండేళ్ళ తర్వాత ఓ పండగ పూట పప్పు రుబ్బుతుండగా మిక్సీ ఆగిపోతుంది. అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కితే చాలన్న సంగతి ఆ పుస్తకంలోనే ఉందని అప్పుడు గుర్తొస్తుంది. మిక్సీ సంగతైతే ఫర్వాలేదు, వీధి చివర రిపేరు షాపతను చెబుతాడు. కంప్యూటర్ గురించి చెప్పేవాళ్ళు ఊళ్ళో నలుగురు కూడా లేని రోజుల్లో ఆ పుస్తకమే గురువు, అదే మెకానిక్కు, అదే డాక్టరు.

అవి అల్లాటప్పా పుస్తకాలు కావు. 1981లో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌తోపాటు తెచ్చిన మాన్యువల్స్ బట్ట అంటించిన గట్టి అట్టల్లో, రింగుల ఫైళ్ళ రూపంలో ఉండేవి. అందులో టెక్నికల్ రిఫరెన్స్ అనే పుస్తకం తెరిస్తే ఆ యంత్రం సర్క్యూట్ బొమ్మలూ, అది నిద్రలేవగానే నడిపే మూల ప్రోగ్రామూ వరసగా అచ్చయి ఉండేవి. మన వంటింటి రహస్యాలు పక్కింటావిడకి చెప్పినట్టే! ఇప్పటి ఫోన్లతో వచ్చే మడత కాగితంలో ఏముంటుంది? ఛార్జర్ ఎక్కడ గుచ్చాలో ఉంటుంది, అంతే.

అలాంటి పుస్తకాలు నేను ముప్ఫై ఏళ్ళపాటు పోగుచేశాను. హన్మకొండలో నాకు తెలిసినవాళ్ళు ఇప్పటికీ నన్ను 'పాత కంప్యూటర్ల మేడం' అంటారు. ఇప్పుడు ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం లేవు. ఎందుకు పోగుచేశానో, ఎలా పోయాయో, పోయినందువల్ల ఎవరికి ఏం నష్టమో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

చెప్పులు బయట, మాన్యువల్ బీరువాలో

మా ఊరికి కంప్యూటర్ అనే మాట చాలామంది కంటే ముందే తెలుసు. 1959 అక్టోబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ (2002 నుంచి ఎన్ఐటీ) కాజీపేట దగ్గరే ఉంది కదా. అక్కడి పిల్లల ప్రాజెక్టు రిపోర్టులూ, 1976లో మొదలైన కాకతీయ యూనివర్సిటీ వాళ్ళ సిద్ధాంత గ్రంథాలూ టైపు చేసిపెట్టడం హన్మకొండలో ఓ మంచి బతుకుదెరువు. నేను కూడా టైపు లోయరు, హయ్యరు పాసై ఆ దారినే వచ్చాను.

1991లో కంప్యూటర్ కోర్సులో చేరాను. ఆ రోజుల్లో నేర్చుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చెప్పులు గుమ్మం బయట విడవాలి. లోపల ఏసీ చల్లగా, దేవుడి గదిలోకి అడుగుపెట్టినట్టుండేది. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ అని నాలుగు మంత్రాలు. వర్డ్‌స్టార్‌లో మౌస్ లేదు, బొమ్మలు లేవు. కంట్రోల్ పట్టుకుని కె, ఎస్ నొక్కితే రాసింది భద్రమవుతుంది. కె, డి నొక్కితే భద్రపరిచి బయటికొస్తుంది. కంట్రోల్, వై నొక్కారా, లైను మొత్తం గల్లంతు! మాస్టారు బోర్డు మీద రాసినవి కాపీ చేసుకోవడమే. అసలు మాన్యువల్ ఇనుప బీరువాలో ఉండేది, తాళం ఆయన జేబులో. కోర్సు ఆర్నెల్లు చేశాను కానీ ఆ పుస్తకాన్ని రెండుసార్లకంటే ఎక్కువ చూడలేదు. ఆ తాళం మీదున్న కసే తర్వాత నా చేత ఇన్ని పుస్తకాలు కొనిపించిందేమోనని మావారు ఇప్పటికీ నవ్వుతారు.

మొదటి పుస్తకం మాత్రం అవసరం కొద్దీ కొన్నాను. చిన్న జాబ్‌వర్క్ షాపులో పనిచేస్తున్నా. అక్కడో తొమ్మిది సూదుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, సెకండ్ హ్యాండ్‌ది. ఓ బట్టల షాపు బిల్లులు కొడుతుంటే బిల్లు నంబరు ముందు హ్యాష్ గుర్తు రావాల్సిన చోట ఇంగ్లండు పౌను గుర్తు వస్తోంది. రూపాయల బిల్లు మీద పౌనేమిటని షాపాయన గొడవ. రిపేరుకి హైదరాబాద్ పంపాలన్నారు. ఆ వారమే స్టేషన్ రోడ్డు వైపు పాత పేపర్ల దుకాణంలో ఆ ప్రింటర్ పుస్తకం కనబడింది. ఐదు రూపాయలిచ్చి తెచ్చి చూస్తే ఓ పట్టిక. ప్రింటర్‌కి బుల్లి స్విచ్చులుంటాయట. అగ్గిపుల్ల కొసతో జరపాల్సినంత చిన్నవి. అవి ఏ వరసలో ఉంటే ఏ దేశం గుర్తులు అచ్చవుతాయో ఆ పట్టికలో ఉంది. మా ప్రింటర్ ఇంగ్లండులో ఉన్నట్టు అనుకుంటోంది! ఒక స్విచ్చు పైకి లేపాను, అయిపోయింది. ప్రయాణం ఖర్చూ, రిపేరు ఖర్చూ, పది రోజుల పనీ మిగిలాయి.

ఆ తర్వాత పాత పేపర్ల దుకాణం కనబడితే ఆగకుండా వెళ్ళలేకపోయేదాన్ని.

మొదటి పుస్తకాలు రాసింది ఆడవాళ్ళే

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిననాడు చెప్పొద్దూ, అన్నం కూడా సయించలేదు, అంత సంతోషం. అమెరికాలో హార్వర్డ్ మార్క్ వన్ అనే యంత్రానికి 1946లో అయిదొందల పేజీలకు పైగా మాన్యువల్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ప్రధాన రచయిత గ్రేస్ హాపర్. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే మరో పెద్ద యంత్రాన్ని లోకానికి చూపించారు. దానికి లెక్కలు ఎక్కించింది ఆరుగురు అమ్మాయిలు. వాళ్ళు పని మొదలుపెట్టేనాటికి మాన్యువల్ అన్నదే లేదు. సర్క్యూట్ల బొమ్మలు చేతికిచ్చి 'మీరే తెలుసుకోండి' అన్నారు. వాళ్ళు తెలుసుకున్నారు కూడా. తర్వాత ఆ యంత్రం వివరాలన్నీ పుస్తకంగా రాసింది అడెల్ గోల్డ్‌స్టీన్. యంత్రాన్ని పదిమందికీ ఫొటోలు తీసి చూపించిన రోజున మాత్రం ఆ ఆరుగురి పేర్లు ఎవరూ చెప్పలేదు. మనింట్లో పెళ్ళి భోజనం బాగుందని వంట చేసినవాళ్ళని వదిలేసి పెళ్ళిపెద్దని మెచ్చుకోవడం లేదూ, అలాగే.

మన వైపు కథకూడా చిన్నదేం కాదు. హైదరాబాద్‌లో 1967 ఏప్రిల్‌లో ఈసీఐఎల్ మొదలైంది. మొదటి మేనేజింగ్ డైరెక్టర్ ఎ.ఎస్.రావుగారు, అయ్యగారి సాంబశివరావుగారు. ఆయన పేరుమీదే ఎ.ఎస్.రావు నగర్ ఉంది. మన ఇళ్ళల్లో ఈసీ టీవీ పెట్టుకుని చిత్రలహరి చూశాం కానీ, ఆ టీవీ చేసిన కంపెనీయే టీడీసీ అనే కంప్యూటర్లు కూడా చేసిందని ఎంతమందికి గుర్తుంది? ట్రాంబేలో రూపొందిన టీడీసీ 12 అనే యంత్రాన్ని 1969 జనవరిలో విక్రమ్ సారాభాయ్ ఆవిష్కరించారు. తర్వాత టీడీసీ 312, 316 వచ్చాయి. ఆ 316కి సంబంధించిన ఒక పుస్తకం నా దగ్గర ఉండేది. నీలం అట్ట, లోపల టైపు మిషన్ అక్షరాలు. ఎవరో పెన్సిల్‌తో పేజీ అంచుల్లో తెలుగులో రాసుకున్నారు: 'ఇక్కడ జాగ్రత్త'.

పంచ్ కార్డులు కూడా ఓ కట్ట దొరికాయి. 80 నిలువు గళ్ళు, ఒక్కో గడికి ఒక్కో అక్షరం. తప్పు పడితే కార్డు పారేసి కొత్తది కొట్టాలి. ఏ దేశంలో చూసినా ఆ కార్డులు కొట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. నా దగ్గరున్న కట్టలో ఒక కార్డు వెనక కిరాణా చీటీ ఉంది: కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అరకిలో.

గోడకంటించిన చార్టులు

1993 నుంచి నేను డీటీపీలోకి మారాను. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బతుకమ్మ పాటల పుస్తకాలు, ఎలక్షన్లొస్తే ఊపిరాడని పని. మా షాపులో ఐదుగురు ఆపరేటర్లం, నలుగురం ఆడవాళ్ళమే. రాత్రి ఎనిమిదిన్నరకి ఆటో దొరకదేమోనని ఒకరికోసం ఒకరం ఆగేవాళ్ళం.

అప్పట్లో తెలుగు టైపు చెయ్యడమంటే ఇప్పుడు ఫోన్లో వేలితో గీకినట్టు కాదు. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, పుణెలోని సీడాక్ వాళ్ళు అందించిన జిస్ట్ కార్డు ఒక దారి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అని భారతీయ భాషలన్నిటికీ ఒకటే అమరిక. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. కె నొక్కితే క, ఎల్ నొక్కితే త, హెచ్ నొక్కితే ప. డి నొక్కితే పొల్లు పడుతుంది, ఆ తర్వాత కొట్టిన హల్లు ఒత్తై కింద కూర్చుంటుంది. ఒకసారి వేళ్ళకి అలవాటైతే హాయిగా ఉండేది. ఇక ప్రెస్సుల్లో అనూ ఫాంట్లు, శ్రీలిపి, ఇంకా పేరు నిలవని చిన్నాచితకా సాఫ్ట్‌వేర్లు బోలెడు. ఆపిల్ కీబోర్డని ఒకరు, మాడ్యులార్ అని ఒకరు. షాపు మారితే కీబోర్డు మారేది, కీబోర్డు మారితే మళ్ళీ మొదట్నుంచీ ఓనమాలే.

ఆ ఓనమాలే మా చార్టులు. డ్రాయింగ్ షీటు మీద గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఇంగ్లీషు అక్షరం, దాని కింద తెలుగు ముక్క స్కెచ్ పెన్నుతో రాసి గోడకంటించేవాళ్ళం. మాన్యువల్లో లేని ఉపాయాలు కూడా అందులో చేరేవి. 'క్ష్మ కావాలంటే ముందు ఇది, తర్వాత ఇది.' 'ఱ ఈ ఫాంటులో లేదు, ర వేసి సర్దండి.' కొత్తమ్మాయి చేరితే ముందు ఆ చార్టు కాపీ చేసుకునేది. పెళ్ళై వేరే ఊరు పోతే చార్టు మడిచి పెట్టెలో పెట్టుకుని వెళ్ళేది. షాపులు మూసినప్పుడు నేను మాన్యువల్స్‌తోపాటు ఈ చార్టులు కూడా అడిగి తెచ్చుకునేదాన్ని. కంపెనీ పుస్తకం ఎక్కడో ఒకచోట ఇంకో కాపీ ఉంటుంది. లక్ష్మీదేవి స్టిక్కరు పక్కన అంటించిన ఆ చార్టుకి ఇంకో కాపీ ఉండదు.

మంచం కింద మ్యూజియం

పోగు పెరిగింది. నయీంనగర్‌లో మా ఇంటి కింది భాగంలో ఓ గది దానికే. 2019 దసరా సెలవుల్లో మా అమ్మాయి కూర్చుని లెక్కపెడితే 340 పుస్తకాలు, 60కి పైగా చార్టులు, అట్టపెట్టె నిండా ఫ్లాపీలు తేలాయి. యంత్రాలు తక్కువే. రెండు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, నాలుగు కీబోర్డులు, పచ్చక్షరాల మానిటరొకటి, బీబీసీ మైక్రో ఒకటి.

ఆ బీబీసీ మైక్రో గురించి రెండు మాటలు చెప్పాలి. 1984లో మన ప్రభుత్వం బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పాలని 'క్లాస్' అనే పథకం పెట్టింది. దేశంలో సుమారు 250 బడులకి ముందుగా ఇంగ్లండులో తయారైన ఈ బీబీసీ కంప్యూటర్లు పంపారు. లేత బిస్కెట్ రంగు, పైన ఎర్ర మీటల వరస, చుక్కలతో గీసిన గుడ్లగూబ బొమ్మ. 32 కేబీ జ్ఞాపకశక్తి, అంటే ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా పట్టదు. దాంతో వచ్చే యూజర్ గైడు స్పైరల్ బైండింగ్‌లో దాదాపు 500 పేజీలు. 1997లో కాజీపేటలో ఓ పాత సామాన్ల దుకాణంలో ఆ గైడు ఒక్కటే దొరికింది. యంత్రం మరో నాలుగేళ్ళకి దొరికింది. అన్ని బడుల్లో ఎన్ని మిగిలాయో గానీ, నాకు దొరికినదాని మీద మాత్రం సుద్దముక్కతో '3' అని రాసుంది.

పాత సామాన్ల దుకాణాలవాళ్ళతో నాకు చుట్టరికం కలిసింది. "ఏంది మేడం, గీ కితాబులు ఎవలు సదువుతరు? మంచి అట్టలున్నయని పొట్లాలకు పనికొస్తయని పెట్టిన" అనేవాడు ఒకతను. నేను బేరం చేస్తే, "కిలకు ఆరు రూపాయలకు నేను కొన్న, మీరు ఎనిమిదియ్యిండ్రి, నాక్కూడ రెండు రూపాయలు మిగలాలె గదా అక్కా" అనేవాడు. న్యాయమైన మాటే. యంత్రాల సంగతి వచ్చేసరికి మాత్రం నన్ను పోటీలో నిలవనిచ్చేవాడు కాదు. కారణం బంగారం. సర్క్యూట్ బోర్డు అంచున మెరిసే పళ్ళకి సన్నగా బంగారు పూత ఉంటుంది. యాసిడ్‌లో ముంచి దాన్ని తీస్తారు. ఆ పొగ పీల్చేది, ఆ చేతులు కాలేది పేదవాళ్ళవే. మానిటర్ గాజులో సీసం ఉంటుంది, పగలగొట్టి పారేస్తే నేలలోకి పోతుంది. ఇలాంటి చెత్తకి కేంద్రం 2011లో నిబంధనలు తెచ్చింది, 2012 మే నుంచి అవి అమల్లోకి వచ్చాయి. కాగితం మీద మాట అది.

"గా డబ్బాలల్ల ఏమున్నయే, బంగారమా?" అని మా అత్తమ్మ అడిగేది. "ఉంది అత్తమ్మా, కొంచెం" అంటే నమ్మేది కాదు. ఇల్లు ఇరుకైన మాట నిజమే. ఏటా వానాకాలం ముందు పుస్తకాలన్నీ మిద్దె మీద ఎండబెట్టి, వేపాకు పొరల మధ్య సర్దడం అప్పడాలు పెట్టినంత పని. ఫ్లాపీల మీద తెల్లగా బూజు పడుతుంది. పాత మదర్‌బోర్డుల మీద ఉండే నీలం బ్యాటరీ కారి, ఇత్తడి గిన్నెకి పట్టినట్టు పచ్చ చిలుము పాకుతుంది. దాన్ని ముందే కత్తిరించి తీసెయ్యాలి. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, చేస్తూ నేర్చుకున్నవే.

నగరంలో ఓ కంప్యూటర్ సంస్థ మూతపడినప్పుడు మాత్రం మనసు విరిగింది. పేరెందుకు లెండి. బీరువా నిండా మాన్యువల్స్ ఉన్నాయని తెలిసి ముందురోజే వెళ్ళి అడిగాను. మర్నాడు రమ్మన్నారు. మర్నాడు పదింటికి వెళితే బీరువాతో సహా తొమ్మిదింటికే ట్రాలీ ఆటో వెళ్ళిపోయింది. ఇలాంటిది అమెరికాలోనూ జరిగింది కానీ అక్కడ కథ ఇంకోలా మలుపు తిరిగింది. 2015 ఆగస్టులో మేరీల్యాండ్ రాష్ట్రంలో మాన్యువల్స్ అమ్మే ఒక వ్యాపారం మూతపడుతుంటే వేలకొద్దీ పుస్తకాలు చెత్తకి పోయే పరిస్థితి వచ్చింది. జేసన్ స్కాట్ అనే ఆయన పిలుపిస్తే ముక్కూమొహం తెలియని జనం వచ్చి, రోజుల తరబడి పెట్టెల్లో సర్ది తరలించారు. మా ఊళ్ళో నాకు ట్రాలీ ఆటో వెనక దుమ్ము మిగిలింది.

నీళ్ళొచ్చిన వారం

2020 ఆగస్టు మధ్యలో వరంగల్‌కి వచ్చిన వానలు ఎవరూ మర్చిపోలేరు. అసలే కరోనా, బయటికి అడుగుపెట్టాలంటే భయం. నాలా పొంగి నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి. మా కింది భాగంలోకి తెల్లవారుజామున నీళ్ళొచ్చాయి. మొదట అత్తమ్మని, మందుల డబ్బాని, గ్యాస్ సిలిండర్‌ని, బియ్యం మూటల్ని పైకి చేర్చాం. అప్పటికే గదిలో నడుంలోతు. నీళ్ళు పూర్తిగా దిగడానికి నాలుగు రోజులు పట్టింది.

తలుపు తీస్తే వాసన. నిగనిగలాడే ఆర్టు పేపరు మీద అచ్చైన పుస్తకాలు తడిసి, పేజీకి పేజీ అతుక్కుని ఇటుకలైపోయాయి. విడదీయబోతే అక్షరాలతో సహా ఊడొచ్చాయి. మామూలు గరుకు కాగితం పుస్తకాలు కొన్ని బతికాయి. నీడలో తాళ్ళ మీద వేసి, పేజీల మధ్య పాత న్యూస్ పేపర్లు పెట్టి, పూటకోసారి మార్చాం. ఎండలో పెడితే వంకర్లు పోతాయి, ఇస్త్రీ చేస్తే ఇంకా ముద్దవుతాయి. మీ ఇంట్లో ఎప్పుడైనా కాగితాలు తడిస్తే ఇది గుర్తుంచుకోండి. చార్టుల్లో స్కెచ్ పెన్నుతో రాసినవన్నీ ఎర్ర నీలి మరకలయ్యాయి. బాల్‌పెన్ రాతలు మాత్రం చెక్కు చెదరలేదు. 60 చార్టుల్లో 11 మిగిలాయి, 340 పుస్తకాల్లో 74. టీడీసీ పుస్తకం పోయింది. గుడ్లగూబ కంప్యూటర్ లోపలికి బురద పోయింది, గైడు ఇటుకైంది.

మున్సిపాలిటీ బండిలో వేస్తుంటే మా అత్తమ్మ మెట్ల మీద కూర్చుని, "పోనీ తియ్యే, మనుషులం మిగిలినం" అంది. ఆ మాటకి ఎదురు చెప్పడానికి లేదు. 2023 జూలైలో మళ్ళీ ఊరు మునిగినప్పుడు మిగిలిన 74 పైఅంతస్తులో ఉన్నాయి.

కొత్తవాడ మాటలు

అవి పోతే ఎవరికేం నష్టమని మీరనుకోవచ్చు. 2022లో ఓ టీచరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేదాకా నేనూ నా బాధ నాదేననుకున్నాను. ఆమె చేతిలో ఓ ఫ్లాపీ, నాలుగు పేజీల ప్రింటు. వాళ్ళ నాన్నగారు రిటైరయ్యాక కొత్తవాడ మగ్గాల ఇళ్ళచుట్టూ తిరిగి, జంపఖానాల నేతలో వాడే మాటలన్నీ సేకరించారు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలే అవి. ఆయన తిరిగింది అంతకు ఇరవై ఏళ్ళకి పైనే. 1996లో ఓ డీటీపీ షాపులో టైపు చేయించారు. పుస్తకం వెయ్యకముందే కాలం చేశారు. చేతిరాత నోటుబుక్కులు ఇల్లు మారడంలో పోయాయి. మిగిలింది ఆ ఫ్లాపీ.

దూదీ ఐసోప్రొపైల్ ఆల్కహాలూ పెట్టి బూజు తుడిచి, యూఎస్‌బీ డ్రైవులో పెడితే ఫైలు వచ్చింది. తెరిస్తే నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఐరోపా అక్షరాల పేజీలు. కారణమేమంటే, ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ తెలుగు అక్షరాలని తనకిష్టమొచ్చినట్టు ముక్కలు చేసి 256 గళ్ళలో సర్దుకునేది. తలకట్టు ఒక గడి, కొమ్ము ఒక గడి, ఒత్తు ఇంకో గడి. ఏ ముక్క ఏ గడిలో ఉందో తెలిస్తేనే చదవగలం. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే అందరికీ ఒకటే చోటు ఇచ్చారు గానీ, మన ఇళ్ళలోని కంప్యూటర్లు దాన్ని పట్టించుకోవడానికి పదేళ్ళు పట్టింది. ఈ ఫైలు చేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇప్పుడు లేదు. ప్రింటర్ తీగ గుచ్చేచోట తాళంచెవి లాంటి చిన్న ముక్క పెడితేనే నడిచేది, ఆ ముక్క కూడా లేదు. 256 గళ్ళ పట్టిక ఆ సాఫ్ట్‌వేర్ పుస్తకం చివరి పేజీల్లో ఉండేది. ఆ పుస్తకం నా బీరువాలో కింది అరలో ఉండేది.

ఆమెకి ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండోసారి వచ్చినప్పుడు చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి ఇప్పుడేం చేద్దాం మేడం?" అంది.

చేస్తున్నదేమంటే, ఆమె దగ్గరున్న నాలుగు పేజీల ప్రింటు ఒకవైపు, ఫైల్లో అదే భాగం ఒకవైపు పెట్టుకుని గడి తర్వాత గడి పోల్చుకోవడం. ఆదివారం మధ్యాహ్నాలు మా భోజనాల బల్ల మీద ఇదే పని. ఫైల్లో మొత్తం 190 రకాల ముక్కలు వాడారు. 'పడుగు', 'పేక', 'నాడె', 'కండె', 'ఆసు' లాంటి ఒత్తుల్లేని మాటలు మొదటి నెలలోనే తేలిపోయాయి. ఒత్తులున్నవి ఏడిపించాయి. ఒకచోట మ, తర్వాత గ, కింద ఏదో, ఆపైన సున్నా. నేత మాటల జాబితాలో అది మగ్గం కాక ఇంకేమవుతుంది? దాంతో గ ఒత్తు దొరికింది. ఆ ఒత్తు తెలిశాక ఇంకో పదహారు మాటలు విచ్చుకున్నాయి. మిగిలిన చార్టుల్లో ఒకటి, ఓ అమ్మాయి బాల్‌పెన్‌తో రాసుకున్నది, ఆ కంపెనీదే ఇంకో ఫాంటుకి సంబంధించింది. పూర్తిగా కలవదు కానీ గుణింతాలు సగం దాని పుణ్యమే. చార్టు మూలన ఆమె పేరు, కింద 'ఎవరూ తీసుకోవద్దు' అని రాసుంది.

కొన్నిటికి ప్రింటూ చార్టూ రెండూ ఉపయోగపడవు. అలాంటి చీటీలు పట్టుకుని కొత్తవాడ వెళతాం. జంపఖానా నేసే మగ్గాలు ఇప్పుడు చాలా తగ్గాయి, పెద్దవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. ఒకాయనకి 'అ' తర్వాత 'చు', కింద తెలియని ఒత్తు అని చూపించి, మగ్గంలో అలాంటి మాటేమైనా ఉందా పెద్దయ్యా అని అడిగాను. ఆయన పని ఆపకుండానే, "అచ్చే గది, ఇంకేముంటది బిడ్డా" అన్నాడు. అలా చ ఒత్తు వచ్చింది. 'పన్నె'తో న ఒత్తు వచ్చింది.

ఇప్పటికి 181 ముక్కలు తేలాయి. తొమ్మిది మిగిలాయి. వాటిలో రెండు బహుశా మామూలు గీతలు, పేజీ అలంకారానివి. ఒకటి ఱ అయ్యుంటుందని ఆమె అంటుంది, కాదని నేనంటాను. మిగతా ఆరు వచ్చే మాటలు 43 ఉన్నాయి. ఆ 43నీ పెద్ద అక్షరాలతో రాసి ఉంచాను, ఈసారి బాల్‌పెన్‌తోనే. వచ్చే ఆదివారం వాటిని తీసుకుని ఇద్దరం కొత్తవాడ వెళుతున్నాం.